పాఠకుల ప్రశ్నలు: వెదురూ హార్డ్‌వుడ్డూ కలిపి పల్ప్ చెయ్యడం ఎందుకు, ఎలా?

పోయిన నెల కాగితం గురించి నాలుగు ముక్కలు రాస్తే దాని మీద బోలెడు ఉత్తరాలొచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం వెదురుకి హార్డ్‌వుడ్, అంటే జామాయిల్, సరుగుడు, సుబాబుల్ లాంటి చెట్ల కలప, ఎందుకు కలుపుతారు అన్న దాని చుట్టూనే ఉన్నాయి. పల్ప్ (కాగితం చెయ్యడానికి వండి తీసే నార గుజ్జు) మిల్లులో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఇష్టమైన సబ్జెక్ట్ కూడా ఇదే, ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

సార్, మా ఊళ్లో మిల్లుకి వెదురు లారీలూ వెళ్తాయి, జామాయిల్, సరుగుడు లారీలూ వెళ్తాయి. ఏదో ఒకటి వాడొచ్చు కదా, రెండూ ఎందుకు? ఖర్చు తగ్గించుకోడానికి వెదురులో కలప కల్తీ చేస్తారని మా ఫ్రెండ్ అంటోంది, నిజమేనా? (బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని, రాజమండ్రి)

కల్తీ కాదమ్మా, అసలు విషయం నార పొడుగులో ఉంది. వెదురు నార సగటున 2 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. జామాయిల్ నార 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లే, సుబాబుల్, సరుగుడు కూడా 1 మిల్లీమీటర్ దగ్గరే ఆగిపోతాయి. చలి దేశాల్లో పైన్, స్ప్రూస్ చెట్ల నార 3 మిల్లీమీటర్ల దాకా వస్తుంది గానీ అవి మన మైదానాల్లో పెరిగేవి కావు, కాబట్టి మన మిల్లులకి దగ్గర్లో దొరికే పొడుగు నార అంటే వెదురే.

పొడుగు నార వల్ల లాభం ఏంటంటే, కాగితం చిరిగేటప్పుడు కొన్ని నారలు తెగుతాయి, కొన్ని పక్కవాటి పట్టు వదిలించుకుని ఊడొస్తాయి, అలా ఊడిరావడానికే ఎక్కువ శక్తి పడుతుంది, నార ఎంత పొడుగుంటే అంత పట్టు. దీన్నే టియర్ అంటారు. నోట్‌బుక్ పేజీ కుట్టు దగ్గర చిరక్కుండా ఉండాలన్నా, మెషిన్ మీద ఇంకా తడిగా ఉన్న కాగితం నిమిషానికి వందల మీటర్ల స్పీడ్‌లో పోతూ తెగకుండా ఉండాలన్నా పొడుగు నార కొంతైనా ఉండాలి.

మరి వెదురొక్కటే వాడొచ్చుగా అంటావేమో. వెదురు నార గోడ మందం, పొరలు పొరలుగా ఉంటుంది, ఎంత నలిపినా చదునుగా పడుకోదు, గొట్టంలానే నిలబడుతుంది, దాంతో కాగితం పైభాగం గరుగ్గా వస్తుంది. పైగా వెదురులో నారతో పాటు మెత్తటి పేరెన్‌కైమా కణాలు చాలా ఉంటాయి, అవి పల్ప్‌లోకి సన్న పిండిలా వచ్చి మెషిన్ వైర్ (పల్ప్‌లో నీళ్లు కారిపోయే జాలీ) మీద నీళ్లు దిగనివ్వవు. జామాయిల్ అలా కాదు, నార పొట్టి కాబట్టి ఒక గ్రాము పల్ప్‌లో నారల సంఖ్య చాలా ఎక్కువ, అవి సమంగా పరుచుకుంటాయి, వెలుతుర్ని అన్ని వైపులా చెదరగొడతాయి, అందుకే అటువైపు అచ్చు ఇటువైపు కనపడదు. చిరగని గుణం వెదురు ఇస్తుంది, నున్నగా అచ్చు పట్టే గుణం హార్డ్‌వుడ్ ఇస్తుంది. ధర కూడా లెక్కలోకి వస్తుంది, కాదనను, కానీ వెదురు ఊరికే ఇచ్చినా మంచి ప్రింటింగ్ కాగితానికి హార్డ్‌వుడ్ కలపాల్సిందే.

నేను ఒక మిల్లులో పల్ప్ విభాగంలో ట్రైనీని. మా దగ్గర వెదురు చిప్స్, కలప చిప్స్ కలిపి ఒకే డైజెస్టర్‌లో (చిప్స్‌ని ఆల్కలీతో, అంటే క్షారంతో, వండే పెద్ద పాత్ర) వండుతారు. కప్పా 20 వస్తోంది, ల్యాబ్‌లో బాగానే ఉందంటారు. కానీ స్క్రీన్ (జల్లెడ) దగ్గర నాట్స్, రిజెక్ట్స్ (ఉడకని ముక్కలు) ఎక్కువ, పల్ప్ బలం కూడా తక్కువ వస్తోంది. ఎక్కడ తప్పు? (పేరు రాయొద్దన్నారు)

తమ్ముడూ, ఈ ప్రశ్న అడిగినందుకే నీకు థాంక్స్ చెప్పాలి, చాలామంది కప్పా నంబర్ చూసి సంతృప్తిపడి అక్కడితో ఆగిపోతారు. కప్పా అంటే పల్ప్‌లో ఇంకా ఎంత లిగ్నిన్ (నారల్ని అతికించి ఉంచే పదార్థం) మిగిలిందో చెప్పే అంకె, దాన్ని 0.15తో గుణిస్తే సుమారుగా లిగ్నిన్ శాతం వస్తుంది, అంటే కప్పా 20 అంటే 3 శాతం దగ్గర. కానీ అది సగటు. పల్ప్ మొత్తం 20 దగ్గర ఉడికినా 20 వస్తుంది, సగం 12 దగ్గర సగం 28 దగ్గర ఉన్నా 20 వస్తుంది! మీ దగ్గర జరుగుతున్నది బహుశా ఈ రెండోదే. కందిపప్పూ పెసరపప్పూ ఒకే కుక్కర్‌లో పెట్టి ఒకే లెక్క విజిల్స్ ఇస్తే ఏమవుద్దో నీకు తెలుసు కదా.

వెదురు తొందరగా ఉడుకుతుంది, గట్టి కలప నెమ్మదిగా. ఇంకో తేడా ఏంటంటే కలపలో అడ్డంగా పోయే రే కణాలుంటాయి, వెదురు కణుపుల మధ్య భాగంలో అవి ఉండవు, అందుకని లిక్కర్ (వండే ఆల్కలీ ద్రవం) ఎక్కువగా చిప్ రెండు చివర్ల నుంచి వెజల్స్ (నీళ్లు పారే గొట్టాల్లాంటి కణాలు) వెంబడే లోపలికెళ్లాలి, కణుపు ముక్క అయితే ఆ దారులు మెలికలు తిరిగి ఉంటాయి కాబట్టి సరిగా దిగదు. సో నీ స్క్రీన్ మీద తేలే రిజెక్ట్స్ చేత్తో తీసి చూడు, అవి వెదురు కణుపులా కలప చెక్కలా అని, అదే నీకు సగం జవాబు చెప్తుంది. కణుపులయితే చిప్పర్ దగ్గర పని ఉంది, చిప్పర్ ముందు గడని నలగ్గొట్టే ఏర్పాటు చూడాలి. కలప చెక్కలయితే చిప్ మందం ఎక్కువైందన్నట్టు, పొడుగు కంటే మందమే ఇక్కడ ముఖ్యం, 8 మిల్లీమీటర్లు దాటిన చిప్ లోపల ఉడకడం కష్టం.

తర్వాత తేమ. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నా దృష్టిలో కుక్ కుక్‌కీ వచ్చే తేడాల్లో పెద్ద వాటా దీనిదే. 50 టన్నుల చిప్స్ వేశారనుకో, తేమ 20 శాతం అయితే ఎండు బరువు 40 టన్నులు, దాని మీద 18 శాతం లెక్కన ఆల్కలీ 7.2 టన్నులు కావాలి. అదే 50 టన్నులు తేమ 40 శాతంతో వస్తే ఎండు బరువు 30 టన్నులే, 5.4 టన్నుల ఆల్కలీ చాలు. యార్డ్‌లో నెలల తరబడి ఎండిన వెదురూ, నిన్న నరికిన సరుగుడూ ఒకే బెల్ట్ మీద వస్తుంటే, తేమ కొలవకుండా రోజూ ఒకే ఆల్కలీ వేస్తే ఒకరోజు పల్ప్ నలిగిపోతుంది, ఇంకోరోజు పచ్చిగా ఉంటుంది.

నా సలహా అడిగితే విడివిడిగా వండటమే సరైన పద్ధతి, దీంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు. బ్యాచ్ డైజెస్టర్లు నాలుగుంటే ఒకటో రెండో వెదురుకి కేటాయించి, వేరే టైమ్, వేరే ఆల్కలీ పెట్టి, రెండు పల్ప్‌లూ కడిగాక కలపడం. అది కుదరనప్పుడు, అంటే ఒకే కంటిన్యుయస్ డైజెస్టర్ ఉన్నప్పుడు కలిపే వండాలి, అప్పుడైనా రెండు చిప్స్‌నీ బెల్ట్ మీద తూకం వేసి కలపండి, కంటి లెక్క పనికిరాదు, వెదురు చిప్స్ పలుచగా తేలిగ్గా ఉంటాయి కాబట్టి కుప్ప సైజు చూస్తే మోసం. 110, 120 డిగ్రీల దగ్గర లిక్కర్ లోపలికి దిగడానికి కాస్త ఎక్కువ టైమివ్వండి, పై టెంపరేచర్ 170కి తోసేయకుండా 160, 165 దగ్గర ఆపి నిదానంగా వండండి, వెదురు మరీ దెబ్బతినకుండా కలప ఉడకడానికి అదొక్కటే దారి.

బలం తక్కువ రావడానికి ఇంకో కారణం రిఫైనర్ (పల్ప్‌ని లోహపు బార్‌ల మధ్య నలిపే యంత్రం) దగ్గర ఉండొచ్చు. కలిపి రిఫైన్ చేస్తే పొడుగు నారే ముందు బార్‌ల అంచులకి చిక్కుకుంటుంది, అంటే దేనికోసం వెదురు కొన్నామో ఆ పొడుగే ముందు తెగుతుంది. రెండిటికీ వేరే రిఫైనర్లు, తర్వాత మిక్సింగ్ చెస్ట్ (రెండూ కలిపే తొట్టి), అలా ఉంటే మంచిది. వెదురుకి దెబ్బ తేలిగ్గా, ఎక్కువసార్లు పడాలి.

వెదురు శాతం ఎంత ఉంటే మంచిది? ఏదైనా స్టాండర్డ్ నిష్పత్తి ఉందా? (కెమికల్ ఇంజనీర్, విశాఖపట్నం)

అందరికీ పనికొచ్చే ఒక్క అంకె లేదండీ, ఎవరైనా చెప్పినా నమ్మకండి. మ్యాప్‌లిథోకి (పుస్తకాలు అచ్చేసే తెల్ల కాగితం) ఒకటి, బ్యాగులు చేసే క్రాఫ్ట్ కాగితానికి ఇంకోటి, అక్కడ బలమే కావాలి కాబట్టి వెదురు ఎంత పెంచితే అంత మంచిది. అసోంలో జాగీరోడ్, పంచ్‌గ్రామ్ మిల్లులు వెదురు మీదే కట్టినవి, అవి మూతపడ్డ సంగతి వేరే కథ.

కానీ మీరు కెమికల్ ఇంజనీర్ కాబట్టి ఒకటి చెప్తాను, చాలా మిల్లుల్లో వెదురు శాతానికి పై గీత గీసేది రికవరీ సెక్షన్, అంటే వండగా మిగిలిన ద్రవం నుంచి కెమికల్స్ తిరిగి తీసే విభాగం. వెదురులో సిలికా ఉంటుంది, గడ్డి జాతి కదా, మామూలుగా 1.5 నుంచి 3 శాతం దాకా, హార్డ్‌వుడ్‌లో దాదాపు లేనట్టే. వండేటప్పుడు ఆ సిలికా ఆల్కలీలో కరిగి, వండాక మిగిలే బ్లాక్ లిక్కర్‌తో పాటు వెళ్తుంది. ఎవాపరేటర్‌లో లిక్కర్ చిక్కబడే కొద్దీ ట్యూబుల లోపల గట్టి పెచ్చుగా అంటుకుంటుంది, ఆ పెచ్చు యాసిడ్‌తో కడిగినా ఓ పట్టాన వదలదు, వేడి అందక ఆవిరి ఖర్చు పెరుగుతుంది. లిక్కర్ కూడా జిగటగా తయారై బాయిలర్‌లో కాల్చేంత చిక్కదనానికి తేవడం కష్టమవుతుంది. అక్కడితో అయిపోలేదు, కాస్టిసైజింగ్‌లో (సున్నం వేసి కాస్టిక్‌ని తిరిగి తయారు చేసే దశ) వచ్చే లైమ్ మడ్‌లో (సున్నపు బురద) కూడా సిలికా చేరుతుంది, మడ్ సరిగా దిగదు, దాన్ని మళ్లీ కిల్న్‌లో కాల్చి సున్నంగా వాడుకుంటూ పోతే సిలికా తిరిగి తిరిగి పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి కొంత మడ్ బయటికి పంపి కొత్త సున్నం కొనాలి. మిల్లు ఖర్చూ, మడ్ ఎక్కడ పొయ్యాలన్న సమస్యా రెండూ ఇక్కడే పుడతాయి. లిక్కర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ పంపి పీహెచ్ దించి సిలికాని ముందే పడగొట్టే పద్ధతి ఉంది గానీ, దాంతో పాటు లిగ్నిన్ కూడా పడిపోకుండా పీహెచ్‌ని సన్న గీత మీద నిలబెట్టాలి.

అందుకని టియర్ గ్రాఫ్ ఒకటీ, ఎవాపరేటర్ కడిగే తేదీల రికార్డ్ ఒకటీ, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ మిల్లు నిష్పత్తి మీరే తేల్చుకోండి.

ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుతున్నాను. కొన్ని లాట్‌ల కాగితం వేస్తే బ్లాంకెట్ (ఇంక్‌ని కాగితం మీదికి అద్దే రబ్బరు షీట్) మీద తెల్లటి దుమ్ము పేరుకుంటుంది, సాలిడ్ కలర్‌లో (నిండుగా రంగు పడే చోట) చిన్న చిన్న తెల్ల చుక్కలు వస్తాయి. వెదురు వల్లేనా? (విజయవాడ)

రెండు వేరు వేరు జబ్బులండీ ఇవి. బ్లాంకెట్ మీద పొడిలా పేరుకునేది పైపైన సరిగా అతుక్కోని సన్న కణాలు, వెదురు పేరెన్‌కైమా ఒక కారణం కావచ్చు, కాగితంలో వేసే ఫిల్లర్ (సుద్ద లాంటి పొడి) కూడా కావచ్చు. చుక్కలు మాత్రం ఎక్కువసార్లు హార్డ్‌వుడ్ వెజల్స్ వల్ల వస్తాయి, అవి వెడల్పుగా పొట్టిగా ఉండే కణాలు, నారల్లా పెనవేసుకోవు, జిగురు ఇంక్ లాగగానే లేచిపోతాయి, జామాయిల్‌లో ఇది బాగా తెలిసిన సమస్య. వెదురు వెజల్స్ కూడా పెద్దవే. ఒక చుక్క మచ్చని బ్లాంకెట్ మీద నుంచి పారదర్శక టేపుతో లేపి మామూలు మైక్రోస్కోప్ కింద పెడితే పొడా, వెజలా తేలిపోతుంది, ఆ టేపుని రీమ్ లేబుల్‌తో సహా సప్లయర్‌కి పంపండి, అప్పుడు మాట దాటెయ్యడం కుదరదు. మిల్లు వైపు నుంచి దీనికి మందు సరైన రిఫైనింగూ, సైజ్ ప్రెస్‌లో (కాగితం పైన పూత పట్టించే చోట) స్టార్చూ.

మాది కాగజ్‌నగర్. చిన్నప్పుడు మిల్లు యార్డ్ నిండా వెదురు కట్టలే కనపడేవి. తర్వాత తర్వాత జామాయిల్ కట్టెలే ఎక్కువయ్యాయి. వెదురు ఏమైపోయింది? (రిటైర్డ్ టీచర్)

నమస్కారం మాస్టారూ. మీ ఊరికి పేరు తెచ్చిన సిర్పూర్ మిల్లు నిజాం కాలంలో పుట్టింది, అక్కడ పెట్టడానికి ముఖ్య కారణం ఆదిలాబాద్ అడవుల వెదురే. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం రెయిట్ వెదురుని రెండు దశల్లో వండే పద్ధతి మీద పనిచేశాడు, 1925లో వెదురు కాగితం పరిశ్రమకి రక్షణగా ప్రత్యేక చట్టమే వచ్చింది, అప్పట్నుంచి మన దేశంలో కాగితం అంటే వెదురే అన్నట్టు నడిచింది. అడవి వెదురు చవగ్గా లీజుకి దొరికేది, మిల్లులు పెరిగాయి, పొదలు మాత్రం పెరగలేదు. లేత గడలు కూడా నరికేశారు, పశువులు మేశాయి, నిప్పు పడింది. ఇంకోవైపు వెదురు పూత, సాధన వెదురు చాలాచోట్ల 40 ఏళ్ల చుట్టూ ఒకసారి మూకుమ్మడిగా పూసి గింజ రాల్చి చచ్చిపోతుంది, ఒకేసారి ఒక ప్రాంతంలో వెదురంతా పోతే మిల్లు ఏం చేస్తుంది? అలా మొదట అడవి కలప కొంచెం కొంచెంగా కలపడం మొదలైంది.

1988 జాతీయ అటవీ విధానం వచ్చాక పరిశ్రమలు తమ కలప రైతుల దగ్గరే పెంచించుకోవాలన్న మాట గట్టిగా చెప్పారు. భద్రాచలం దగ్గర సారపాక మిల్లు వాళ్లు జామాయిల్ క్లోన్‌లు (మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) తయారు చేసి రైతులకిచ్చారు, ఖమ్మం నుంచి ప్రకాశం దాకా జామాయిల్, సుబాబుల్, కోస్తాలో సరుగుడు అలా పాకాయి. అడవి వెదురు మీద గిరిజనుల హక్కుని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది, 2011లో గడ్చిరోలి జిల్లా మేండా లేఖా గ్రామసభ తమ వెదురు తామే అమ్ముకునే హక్కు తెచ్చుకుంది. ఇది నాకు చాలా సంతోషం కలిగించిన విషయం, ఎన్నో ఏళ్లు వెదురు నరికిన చేతులకి కూలి తప్ప ఏమీ దక్కలేదు మరి. మీ మిల్లు 2014లో ఆగి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చి మళ్లీ మొదలైన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

"చెట్టు నరకని బాంబూ టిష్యూ" అని యాడ్స్ వస్తున్నాయి, మామూలు దానికంటే మంచిదేనా? (గృహిణి, హైదరాబాద్)

వెదురు మళ్లీ నాటకుండానే వేరు నుంచి కొత్త పిలకలు వేస్తుంది, అది నిజం, మంచి గుణం. కానీ డైజెస్టర్‌లోకి వెళ్లాక వెదురైనా కలపైనా అదే కాస్టిక్, అదే బ్లీచింగ్. బ్లీచ్ ఎలా చేశారు, రికవరీ ఉన్న మిల్లేనా, పల్ప్ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇవి చూడాలమ్మా. ప్రపంచంలో వెదురు పల్ప్ ఎక్కువ చేసేది చైనా, సిచువాన్, గుయ్‌జౌ ప్రాంతాల్లో, అక్కణ్ణుంచి ఓడలో వచ్చిన టిష్యూ కంటే పక్క జిల్లా రైతు జామాయిల్‌తో చేసింది తక్కువేం కాదని నా అభిప్రాయం. మెత్తదనం ఇచ్చేది కూడా పొట్టి నారే, అందుకే చాలా టిష్యూల్లో యూకలిప్టస్ ఉంటుంది.

స్కూల్లో పిల్లలతో వెదురు కాగితం చేయించాలనుంది, ఇంట్లో కాస్టిక్ సోడా వేసి ఉడికించొచ్చా? (క్రాఫ్ట్ టీచర్, అనంతపురం)

వద్దండీ, పిల్లల దగ్గర వేడి కాస్టిక్ అస్సలు వద్దు, కంట్లో చుక్క పడితే చూపే పోవచ్చు. చైనాలో పాతకాలం వాళ్లు లేత వెదుర్ని నెలల తరబడి సున్నపు నీళ్లలో నానబెట్టి చేసేవాళ్లు, అది స్కూల్‌కి కుదరదు. పాత నోట్‌బుక్ కాగితాలు నానబెట్టి మిక్సీ పట్టి దోమతెర మీద ఎత్తించండి. నార తేడా చూపించాలంటే ఒక గిన్నెలో క్రాఫ్ట్ బ్యాగ్ కాగితం, ఒకదాన్లో ప్రింటింగ్ కాగితం విడిగా చేసి, మూడోది కలిపి, ఎండాక చింపి చూడమనండి.

నాలుగెకరాల సుబాబుల్ తీసేసి వెదురు పెట్టి మిల్లుకి అమ్ముదామనుకుంటున్నా. లాభమేనా? (రైతు, అశ్వారావుపేట)

అన్నా, నాలుగెకరాలూ ఒకేసారి తియ్యకు. సుబాబుల్ మూడు నాలుగేళ్లకి ఒక్కసారి నరికి డబ్బు చూస్తావు, వెదురుకి మొదటి కోత రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెంగా వస్తుంది. పొదలో మూడేళ్లు దాటిన గడలే తియ్యాలి, ఈ ఏడు, నిరుడు వచ్చినవి ముట్టుకోకూడదు, వాటి బలంతోనే కొత్త పిలకలొస్తాయి. కోత వానలైపోయాక, చలికాలంలో పెట్టుకో, అప్పుడు గడలో పిండి పదార్థం తక్కువ ఉంటుంది, పురుగు తక్కువ పడుతుంది, పురుగు పట్టి పొడి రాలే వెదురుని మిల్లు వాళ్లు కూడా వెనక్కి పంపిస్తారు.

2017లో చట్టం మార్చి అడవి బయట పెంచిన వెదుర్ని చెట్ల లెక్కలోంచి తీసేశారు, కాబట్టి సొంత పొలంలో వెదురు నరకడం ముందంత తలనొప్పి కాదు, అయినా లారీ ఎక్కించే ముందు మీ అటవీ రేంజ్ ఆఫీసులో రవాణా సంగతి ఒకసారి అడుగు. వెదురు సాగుకి ప్రభుత్వం పెట్టిన బాంబూ మిషన్ సబ్సిడీ గురించి కూడా నాటకముందే అడగాలి.

ఇంక మార్కెట్. మంచి నిటారు గడని మిల్లుకి టన్నుల్లెక్కన అమ్మితే నష్టమే, నిచ్చెనలకి, పందిళ్లకి, టమాటా తోటలకి, సెంట్రింగ్ పనికి గడ లెక్కన ఎక్కువొస్తుంది. వంకరవి, కొసలు, చీలినవి మిల్లుకి పంపు. ముందు గట్టు మీదా, ఓ అరెకరంలోనూ పెట్టి చూడు. మిల్లుతో కాగితం మీద ఒప్పందం రాసుకునేటప్పుడు రేటుతో పాటు తేమ ఎంత దగ్గర తూకం అన్నది రాయించు, వెదురు యార్డ్‌లో పడుంటే రోజురోజుకీ బరువు తగ్గిపోతుంది, తూకానికి లైన్లో వారం ఆపితే ఆ నష్టం నీదే అవుతుంది.